సినిమా హాలు గోడలకూ వినిపించే మాటకూ ఉన్న సంబంధం

ఒకే చిత్రం ఒకే వారంలో రెండు హాళ్లలో ప్రదర్శింపబడినా రెండుచోట్లా ఒకేలా వినిపించదు. ఒక హాలులో పాత్రధారి మాట చెవి పక్కనే పలికినట్లు స్పష్టంగా ఉంటుంది. మరొక హాలులో అదే మాట లోతైన బావిలోనుండి వచ్చినట్లు తోస్తుంది. ఇటువంటి సందర్భాలలో ప్రేక్షకులు సాధారణంగా స్పీకర్లను నిందిస్తారు. యజమానులు కూడా స్పీకర్లనే మార్చడానికి పూనుకుంటారు. అయితే హాలులో కూర్చున్న మనిషి చెవికి చేరేది స్పీకరు పలికిన ధ్వని మాత్రమే కాదు. గోడలు, పైకప్పు, నేల, కుర్చీలు, చివరకు పక్కన కూర్చున్న ప్రేక్షకులు కూడా ఆ ధ్వనిని మార్చి అందిస్తారు. అందువలన హాలు కూడా శబ్దయంత్రంలో ఒక భాగమేనని చెప్పవచ్చు.

సరిహద్దు ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ విషయం కేవలం వినోదానికి సంబంధించినది కాదు. బళ్లారి, కోలారు, హోసూరు, బరంపురం, సిరివంచ వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన ఇళ్లలో పెద్దలు తెలుగు మాట్లాడుతున్నా, చాలామంది పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకుంటారు. ఇంటి గడప దాటిన తరువాత వారి చెవిన పడే తెలుగులో సినిమా మాటలకు, పాటలకు గణనీయమైన స్థానం ఉంది. ఆ మాట హాలులో చెదిరిపోతే వారికి కలిగే నష్టం ఒక్క టికెట్టు ఖరీదుతో తీరేది కాదు.

నేరుగా వచ్చే ధ్వని, తిరిగివచ్చే ధ్వని

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. తెర వెనుక ఉన్న స్పీకరు నుండి వెలువడిన ధ్వనిలో కొంత నేరుగా ప్రేక్షకుని చేరుతుంది. మిగిలినది గోడలకు, పైకప్పుకు తగిలి పరావర్తనం చెంది, మరికొంత దూరం తిరిగి, కాస్త ఆలస్యంగా వస్తుంది. ఒకసారి తిరిగివచ్చినది మళ్లీ మరొక గోడకు తగులుతుంది. ఈ విధంగా వందలాది పరావర్తనాలు ఒకదానిపై ఒకటి పడి, స్పీకరు ఆగిపోయిన తరువాత కూడా గదిలో ధ్వని కొంతసేపు నిలిచి ఉంటుంది. దీనినే ప్రతినాదం అంటారు. ఒకే పరావర్తనం విడిగా, స్పష్టంగా రెండవసారి వినిపిస్తే అది ప్రతిధ్వని.

తిరిగివచ్చే ధ్వని అంతా చెడ్డది కాదు. నేరుగా వచ్చిన ధ్వని వెనుక సెకనులో ముప్ఫయ్యవ వంతు లోపల వచ్చిన పరావర్తనాన్ని చెవి విడిగా గుర్తించదు. రెండింటినీ కలిపి ఒకే మాటగా, కొంత బలమైన మాటగా స్వీకరిస్తుంది. మొదట ఏ దిక్కునుండి వచ్చిందో ఆ దిక్కునుండే మాట వస్తున్నట్లు భావిస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ హాస్ 1949లో ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా వివరించాడు. ఆలస్యం సెకనులో ఇరవయ్యవ వంతు దాటి, తిరిగివచ్చిన ధ్వని తగినంత బలంగా ఉంటే అది వేరే మాటగా వినిపించడం మొదలవుతుంది.

ఉదాహరణకు 24 మీటర్ల పొడవైన హాలులో తెరకు 6 మీటర్ల దూరంలో కూర్చున్న ప్రేక్షకుని తీసుకుందాము. మాట అతనిని దాటిపోయి, వెనుక గోడకు తగిలి తిరిగి అతని వద్దకు రావడానికి 36 మీటర్లు అదనంగా ప్రయాణించాలి. అనగా సెకనులో పదవ వంతు ఆలస్యం. వెనుక గోడ నున్నగా ఉంటే అతనికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. తెరకు 20 మీటర్ల దూరంలో వెనుక వరుసలో ఉన్నవారికి అదనపు దూరం 8 మీటర్లు మాత్రమే కనుక ఆ ఇబ్బంది తెలియదు. అంటే వెనుక గోడ చేసే అపకారం ముందు వరుసలలోని తక్కువ ధర టికెట్ల వారి పాలిట పడుతుంది. బాల్కనీలో కూర్చున్న యజమానికి అది తెలియకపోవచ్చు.

సాబిన్ రాత్రి ప్రయోగాలు

ప్రతినాదాన్ని లెక్కకు తెచ్చినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలెస్ క్లెమెంట్ సాబిన్. అక్కడి ఫాగ్ కళా ప్రదర్శనశాలలోని ఉపన్యాస మందిరంలో వక్త మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. ఒక మాట పలికితే అది అయిదు సెకన్లకు పైగా గదిలోనే నిలిచిపోయేది. ఆ లోపున వక్త మరికొన్ని మాటలు పలికేవాడు. 1895లో ఈ లోపాన్ని సరిదిద్దే పని సాబిన్‌కు అప్పగింపబడింది. వీధి సద్దు అణిగిన రాత్రివేళలలో అతడు సమీపంలోని శాండర్స్ నాటకశాల నుండి కుర్చీల మెత్తలను తెప్పించి గదిలో పరిచేవాడు. ఆర్గన్ గొట్టాన్ని మ్రోగించి, అది ఆగిన తరువాత ధ్వని ఎంతసేపు నిలిచిందో కొలిచేవాడు. మెత్తల సంఖ్య పెరిగినకొద్దీ ధ్వని త్వరగా అణగారడం గమనించాడు.

1898 నాటికి అతడు ఒక సూత్రాన్ని కనుగొన్నాడు. గది ఎంత పెద్దదైతే ప్రతినాదం అంత ఎక్కువసేపు నిలుస్తుంది. గదిలోని వస్తువులు ధ్వనిని ఎంత ఎక్కువగా శోషించుకుంటే అంత త్వరగా అణగుతుంది. తెరచిన కిటికీ గుండా పోయిన ధ్వని తిరిగిరాదు కనుక దాని శోషణ గుణకం 1గా భావించబడింది. సిమెంటు పూత పూసిన గోడ శోషణ గుణకం సుమారు 0.02 లేక 0.03 మాత్రమే. అనగా గోడ తనపై పడిన ధ్వనిలో నూటికి 97 వంతులు తిప్పికొడుతుంది. సాబిన్ సలహాతో నిర్మించిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో ప్రారంభమై, నేటికీ సంగీతానికి ఉత్తమమైన మందిరాలలో ఒకటిగా పేరు నిలుపుకున్నది.

ఒక హాలు లెక్క

ధ్వని తీవ్రత 60 డెసిబెల్స్, అనగా పది లక్షలలో ఒక వంతుకు తగ్గడానికి పట్టే కాలమే ప్రతినాద కాలం. గది ఘనపరిమాణాన్ని 0.161 చేత గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే అది సెకన్లలో వస్తుంది. ఈ సూత్రం హాలు విషయంలో ఏమి తెలుపుతుందో చూడవచ్చు.

24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు, 400 కుర్చీలు గల హాలు ఘనపరిమాణం 2,880 ఘనపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి వైశాల్యం 1,344 చదరపు మీటర్లు. అంతా సిమెంటు పూతయే అయి, కుర్చీలు ఇనుపవో చెక్కవో అయితే మొత్తం శోషణ దాదాపు 40 మాత్రమే. అప్పుడు ఖాళీ హాలులో ప్రతినాద కాలం లెక్క ప్రకారం 11 సెకన్లు దాటుతుంది. తలుపుల సందులు, గాలి వలన వాస్తవంలో ఇది కొంత తగ్గినా హాలు మాటకు పనికిరాదు. ఒక మనిషి, అతని దుస్తులు కలిసి సుమారు 0.45 చదరపు మీటర్ల తెరచిన కిటికీతో సమానమనుకుంటే, 100 మంది వచ్చినప్పుడు కాలం 5.5 సెకన్లకు, 400 మంది నిండినప్పుడు 2.1 సెకన్లకు దిగుతుంది. పండుగనాడు నిండిన హాలులో బాగానే వినిపించిన చిత్రం, పది రోజుల తరువాత పలుచని ఆటలో అర్థం కాకపోవడానికి కారణం ఇదే. యంత్రం మారలేదు, శోషించే మనుషులు తగ్గారు.

అదే హాలులో వెనుక గోడ, పక్క గోడలు, పైకప్పులో కొంత భాగం కలిపి 370 చదరపు మీటర్ల మేర 0.8 శోషణ గుణకం గల పలకలు బిగించి, మెత్తని కుర్చీలు వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు కాలం 1.04 సెకన్లు, నిండినప్పుడు 0.92 సెకన్లు అవుతుంది. ఇక్కడ మెత్తని ఖాళీ కుర్చీ దాదాపు మనిషి చేసే పనిలో మూడింట రెండు వంతులు తానే చేస్తుంది. అందువలన వచ్చినవారు పదిమందైనా నాలుగువందల మందైనా మాట ఇంచుమించు ఒకేలా వినిపిస్తుంది. ఈ పరిమాణం గల సినిమా హాలుకు ప్రతినాద కాలం 1 సెకనుకు మించకుండా ఉండటం మంచిది. చిన్న హాళ్లకు ఇంకా తక్కువ కావాలి.

మూకీల నుండి టాకీల వరకు

సంగీత సభకు రెండు సెకన్ల ప్రతినాదం అందాన్నిస్తుంది. ఒక స్వరం మరొక స్వరంలోకి ఒదిగిపోతుంది. సినిమాకు అది పనికిరాదు. చిత్రంలోని గుహకు గుహ ధ్వనిని, పొలానికి పొలం ధ్వనిని శబ్దగ్రాహకులు ముందే సమకూర్చి ఉంచుతారు. హాలు తన సొంత ధ్వనిని దానికి చేర్చితే పొలంలో నిలబడిన పాత్ర కూడా గుహలో మాట్లాడినట్లే ఉంటుంది. సినిమా హాలుకు సొంత గొంతు ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

ఈ సంగతి టాకీలు వచ్చిన తరువాతనే అందరికీ తెలిసివచ్చింది. 1927లో అమెరికాలో ‘ది జాజ్ సింగర్’, 1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’, 1932లో తెలుగు ‘భక్త ప్రహ్లాద’ విడుదలైనాయి. అంతకుముందు మూకీలు ఆడిన హాళ్లలో చాలావరకు నాటకాలకో, వాద్యబృందాలకో ఉద్దేశింపబడినవి. వాటిలో స్పీకర్లు పెట్టగానే మాట గోడల మధ్య చెదిరిపోయింది. గోడలకు శోషక పదార్థాలు తొడగడం, ధ్వని దాటిపోవడానికి తెరకు సన్నని రంధ్రాలు చేయడం నాటి నుండి అవసరమైంది.

డేరాలలో ఆడిన టూరింగు టాకీసుల స్థితి వేరు. గుడ్డ గోడలు, తెరచిన పక్కలు ఉండటం వలన బయటకు పోయిన ధ్వని తిరిగివచ్చేది కాదు. ప్రతినాదం దాదాపు లేదు. దాని లోపం ఏమంటే దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని 6 డెసిబెల్స్ చొప్పున తగ్గిపోయేది, బయటి బండ్ల సద్దు, వాన చప్పుడు లోపలికి వచ్చేవి. ఇటుక గోడల హాలు వీటిని అడ్డుకున్నది కానీ ప్రతినాదం అనే కొత్త చిక్కును తెచ్చింది.

తెలుగు మాటకు కలిగే హాని

మాటలో అచ్చులకు బలం ఎక్కువ. వాటి శక్తి చాలావరకు 1,000 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది. క, ట, త, ప, స వంటి హల్లులు బలహీనమైనవి, క్షణికమైనవి. వాటిని గుర్తుపట్టడానికి అవసరమైన ధ్వని 2,000 హెర్ట్జ్‌కు పైన ఎక్కువగా ఉంటుంది. ప్రతినాదం ఎక్కువైన హాలులో ముందరి అచ్చు తోక వెనుక వచ్చే హల్లుపై పడి దానిని కప్పివేస్తుంది.

తెలుగులో మరొక విశేషం ఉన్నది. హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారుతుంది. ‘పడు’ వేరు, ‘పాడు’ వేరు. ద్విత్వాక్షరంతోనూ అర్థం మారుతుంది. ‘గద’ వేరు, ‘గద్ద’ వేరు. ద్విత్వం పలికేటప్పుడు నాలుక ఒక క్షణం ఆగుతుంది. ఆ చిన్న విరామమే దానికి గుర్తు. ప్రతినాదం ఆ విరామాన్ని నింపివేస్తుంది, హ్రస్వాన్ని సాగదీస్తుంది. భాష బాగా తెలిసినవారు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు. పిల్లలకు, వేరే భాషలో చదువుకున్నవారికి, వినికిడి తగ్గిన వృద్ధులకు ఆ ఊహ అంత సులభంగా అందదు. ప్రతినాదంలోను, చప్పుడులోను మాటను పోల్చుకోవడం పెద్దలకంటే పిల్లలకు, మాతృభాషీయులకంటే ఇతరులకు కష్టమని ధ్వనిశాస్త్ర పరిశోధనలు నిర్ధారించాయి. మాట అర్థం కానప్పుడు సౌండు పెంచడం వలన ప్రయోజనం తక్కువ. నేరుగా వచ్చే ధ్వనితో పాటు ప్రతినాదం కూడా అంతే పెరుగుతుంది.

గోల్ గుంబజ్ నేర్పే పాఠం

గోడల ఆకారం చేసే పనిని తెలుసుకోవడానికి కర్ణాటకలోని విజయపుర మంచి ఉదాహరణ. అక్కడ మహమ్మద్ ఆదిల్ షా సమాధిపై నిర్మించిన గోల్ గుంబజ్ గుమ్మటం లోపలి వ్యాసం దాదాపు 38 మీటర్లు. గుమ్మటం అంచు వెంట ఉన్న వసారాలో ఒకవైపు గుసగుసగా పలికిన మాట ఎదుటివైపున వినిపిస్తుంది. చప్పట్లు కొడితే పలుమార్లు మారుమ్రోగుతుంది. పుటాకారపు గోడ ధ్వనిని చెదరగొట్టక ఒకచోటికి చేర్చడమే దీనికి మూలం. సందర్శకులకు వింతగా తోచే ఈ గుణమే సినిమా హాలులో దోషమవుతుంది. వెనుక గోడను అర్ధచంద్రాకారంగా, పైకప్పును గుమ్మటంగా కట్టిన హాళ్లలో కొన్ని కుర్చీలకు ధ్వని అతిగా చేరుతుంది, మరికొన్నింటికి చాలదు.

సమాంతరంగా నున్నగా ఉన్న రెండు పక్క గోడల మధ్య ధ్వని బంతిలా అటూ ఇటూ కొట్టుకొని చప్పట్లకు టపటపమనే వరుస శబ్దం పుట్టిస్తుంది. గోడలను స్వల్పంగా ఏటవాలు చేయడం, ఎగుడుదిగుడు పలకలు బిగించడం, శోషక పదార్థం తొడగడం దీనికి నివారణలు.

మంద్రధ్వనులు, పలుచని పరదాలు

ఖర్చు తగ్గించుకోవడానికి గోడలకు పలుచని పరదాలు వేలాడదీయడం సాధారణం. పరదా, తివాచీ పైస్థాయి ధ్వనులను మాత్రమే శోషిస్తాయి. 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు 3.5 మీటర్లు, పలుచని గుడ్డ దానికి అడ్డు కాదు. ఫలితంగా హల్లుల స్పష్టత అణగిపోయి, డప్పుల హోరు మాత్రం మిగిలిపోతుంది. 5 నుండి 10 సెంటీమీటర్ల మందం గల రాక్‌ఊల్ లేక గ్లాస్‌ఊల్ పలకలను గోడకు కొంత ఎడంగా బిగించి పైన గుడ్డ కప్పితే మధ్యస్థాయి వరకు పనిచేస్తాయి. ఇంకా దిగువ ధ్వనులకు వెనుక ఖాళీ ఉంచి బిగించిన చెక్క పలకలు ఉపకరిస్తాయి.

కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ పలకలు ధ్వనిని బాగా పీలుస్తాయన్నది అపోహ. అవి చేసే మేలు స్వల్పం. పైగా తొందరగా అంటుకుంటాయి. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక వినోదశాలలో గోడలకు అతికించిన నురుగు పదార్థానికి బాణసంచా నిప్పు తగిలి 100 మంది మరణించారు. కనుక హాలులో వాడే ఏ పదార్థమైనా నిప్పుకు త్వరగా అంటుకోనిదై ఉండాలి.

స్పీకర్లు చేయగలిగినది, చేయలేనిది

తెర వెనుక ఎడమ, మధ్య, కుడి స్పీకర్లు ఉంటాయి. మాటలు ఎక్కువగా మధ్య స్పీకరు నుండి వస్తాయి. పక్కన, వెనుక ఉన్న స్పీకర్లు పరిసర ధ్వనులకు. వెనుక వరుసవారికి వెనుక స్పీకరు దగ్గర, తెర దూరం. అందువలన హాస్ చెప్పిన ప్రకారం తెర ధ్వనియే ముందు చేరేటట్లు పరిసర ధ్వనిని కొంత ఆలస్యం చేసి వదులుతారు. హాలును సరిచూసే నిపుణులు తెర నుండి మూడింట రెండు వంతుల దూరాన మైకులు ఉంచి, తెర వెనుక ఒక్కొక్క స్పీకరు 85 డెసిబెల్స్ స్థాయిలో ఉండేటట్లు అమర్చుతారు. 1970లలో రూపొందిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 2,000 హెర్ట్జ్ పైన ధ్వని క్రమంగా తగ్గుతూ ఉండాలి.

1977లో ‘స్టార్ వార్స్’తో డాల్బీ స్టీరియో ప్రసిద్ధి చెందింది. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డి.టి.ఎస్., 2012లో పైకప్పు స్పీకర్లు గల డాల్బీ అట్మోస్ వచ్చాయి. ఏ పద్ధతి వచ్చినా గోడ పని గోడ చేస్తూనే ఉన్నది. ఈక్వలైజరు ఒక స్థాయి ధ్వనిని తగ్గించగలదు, పెంచగలదు. గదిలో నిలిచిపోయిన ధ్వనిని తీసివేయలేదు. కొత్త స్పీకర్ల బోర్డు తగిలించిన హాలులో మాట మునుపటివలెనే ఉండటానికి కారణం ఇదే.

చప్పుడు మరొక శత్రువు. ఏ.సి. యంత్రం, ఫ్యాన్లు, జనరేటరు, రేకుల కప్పుపై వాన కలిసి సన్నని మాటను ముంచివేస్తాయి. గోడ బరువు రెట్టింపైతే బయటి శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. అయితే తలుపు కింద చిన్న సందు ఉంటే ఆ బరువు వృథా.

ప్రేక్షకులు గమనించదగినవి

ఆట మొదలు కాకముందు ఒకసారి చప్పట్లు కొట్టి చూస్తే హాలు గుణం తెలుస్తుంది. శబ్దం వెంటనే ఆగితే మంచిది. సాగితే ప్రతినాదం, తిరిగివస్తే ప్రతిధ్వని. తెర నుండి మూడింట రెండు వంతుల దూరంలో, మధ్య కుర్చీలలో కూర్చోవడం మేలు. హాలులో పలుచగా జనం ఉన్నప్పుడు గోడల పక్కకు పోక మధ్యకు చేరడం మంచిది. పిల్లలను, వృద్ధులను ముందు వరుసలలో కంటే అక్కడ కూర్చోబెడితే మాట బాగా అందుతుంది.

హాలు బాగుచేయదలచిన యజమాని మొదట వెనుక గోడకు, తరువాత కుర్చీలకు, పక్క గోడలకు, చివరన స్పీకర్లకు ఖర్చు పెట్టడం వివేకం. ఇదే సూత్రం ఊరి కళ్యాణ మండపానికి, బడి గదికి, భజన మందిరానికి వర్తిస్తుంది. నున్నని చలువరాయి గోడల మధ్య పంతులుగారి పాఠం కూడా సినిమా మాటవలెనే చెదిరిపోతుంది. గోడకు గుడ్డ, కుర్చీకి మెత్త, తలుపుకు సందు లేకుండా బిగింపు అనేవి చూడటానికి చిన్న ఖర్చులు. అయినా ఇంటి భాషను చెవులతోనే నేర్చుకుంటున్న పిల్లవాడికి ‘గద’కూ ‘గద్ద’కూ తేడా తెలిసేది వాటివల్లనే.